చంద్రి కాలు ఎత్తి ఇచ్చేదాకా: ఒక మొండి గుర్రంతో ప్రాజెక్టు డైరీ

ఆశ్వయుజం చివర

జడ్చర్ల నుంచి కల్వకుర్తికి పోయే దారిలో, మిడ్జిల్ దగ్గర దుందుభి వాగుకు ఎగువన ఉన్న మా చెలకకు చంద్రి వచ్చింది. కాగితాల ప్రకారం ఇది పదకొండేళ్ళ తెల్ల ఆడగుర్రం. ఇంతకాలం పెళ్ళి బారాతుల్లో తిరిగి, మనుషులను కరవడం, దగ్గరికి వచ్చినవారి మీదికి వెనక కాళ్ళు విసరడం మొదలుపెట్టాక తక్కువ ధరకు అమ్మకానికి వచ్చింది. గ్లాండర్స్ లేదని తేల్చిన రక్తపరీక్ష పత్రం చూశాకే కొన్నాము. గుర్రాల నుంచి మనుషులకూ సోకగల వ్యాధి కాబట్టి ఆ ఒక్క విషయంలో నోటిమాట చెల్లదు.

ఈ డైరీలో స్వారీ గురించి ఏమీ ఉండదు, ఎందుకంటే చంద్రి మీద ఎవరూ ఎక్కబోవడం లేదు. ఉగాది లోపల అది హాల్టరు (నోట్లో కళ్ళెం లేని తలకట్టు) వేయించుకోవాలి, పగ్గం వదులుగా ఉండగానే వెంట నడవాలి, ధనుర్వాతం సూది వేయించుకోవాలి, పెరిగి వంకర పోయిన నాలుగు గిట్టలూ చెక్కించుకోవాలి. అదీ అగాడీ పిఛాడీ (ముందు కాళ్ళకూ వెనక కాళ్ళకూ వేసే తాళ్ళు) కట్టకుండా, మత్తుమందు లేకుండా, నలుగురు కలిసి పట్టి పడేయకుండా జరగాలి. మా పెద్దనాయన చేతి కింద ఎన్నో కోడెలు కాడికి అలవాటు పడ్డాయి. ఆయన దీన్ని చూసి, "రెండు దినాలు ఉపాసముంచు, అదే తొవ్వకొస్తది" అన్నారు. ఆ మాట గుర్రం విషయంలో పనికిరాదు. మేత ఉన్నా లేకపోయినా గుర్రం కడుపులో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది, కాబట్టి పస్తు పెడితే దానికి పుండ్లూ కడుపునొప్పీ వస్తాయి తప్ప బుద్ధి రాదు. పెద్దనాయన నా వివరణ విని నవ్వి ఊరుకున్నారు.

పశువైద్యుడు కంచె బయట నుంచే చూడగలిగారు. పెదవుల మూలల్లో పాత మచ్చలు ఉన్నాయి, అవి ముళ్ళ కళ్ళెం చేసిన గాయాల గుర్తులు. బండి లాగే, బరువు మోసే జంతువుల మీద క్రూరత్వాన్ని నివారించే 1965 నాటి నిబంధనలు ముళ్ళున్న కళ్ళేన్నీ ముల్లుకర్రనూ స్పష్టంగా నిషేధించాయి. అయినా బారాతు గుర్రం నోట్లో ఏముందో చూసే తీరిక పెళ్ళివారికి ఉండదు. వైద్యుడు అడిగిన మొదటి ప్రశ్న స్వభావం గురించి కాదు, నొప్పి గురించి. నడకలో కుంటు ఉందా, మేత నమిలేటప్పుడు ముద్దలు జారవిడుస్తోందా, వీపు మీద గాలి తగిలినా చర్మం వణికిస్తోందా అని అడిగారు. నొప్పితో కరిచే గుర్రానికి ఎంత నెమ్మదిగా ఒళ్ళు కదిపి చూపినా ఫలితం ఉండదు. మొదట ఆ నొప్పి తీరాలి. చంద్రికి గిట్టల ఇబ్బంది తప్ప పైకి కనిపించే బాధ ఏదీ లేదని తేలింది.

ఆవరణ పని ఈ వారమే ముగిసింది. పాత రాతి కడీలు అలాగే ఉంచి ముళ్ళతీగ మొత్తం తీసివేసి, సర్వి బొంగులు అడ్డంగా కట్టాము. బెదిరిన గుర్రం తీగను చూడదు. చూసేసరికి తొడ చీలిపోయి ఉంటుంది.

కార్తీకం

ఈ నెలలో ఇప్పటిదాకా ఎక్కువ భాగం కంచె బయట కుర్చీ వేసుకొని కూర్చోవడంతోనే గడిచింది. చూసేవారికి ఇది సోమరితనంగా కనిపించింది. నిజానికి చంద్రి ఏ క్షణాన దేనికి స్పందిస్తుందో తెలియకుండా లోపల అడుగు పెట్టడంలో అర్థం లేదు. మొదట ఊపిరి లెక్కించడం నేర్చుకున్నాను. నెమ్మదిగా నిలబడ్డ గుర్రం నిమిషానికి 8 నుంచి 16 సార్లు ఊపిరి తీస్తుంది. డొక్క కదలికను చూస్తూ దూరం నుంచే దాన్ని లెక్కపెట్టవచ్చు. నేను కూర్చుని ఉంటే చంద్రి ఊపిరి ఆ హద్దులోనే ఉండేది. నేను లేచి నిలబడితే, ఒక్క అడుగు కూడా వేయకముందే, పెరిగేది.

చెవులను అందరూ గమనిస్తారు. వెనక్కి నొక్కుకున్న చెవులు కోపానికి గుర్తని పిల్లలకూ తెలుసు. కానీ చంద్రి విషయంలో చెవుల కన్నా ముందు మారేది మూతి. పెదవులు బిగిసి, గడ్డం దగ్గర చర్మం ముడతపడి, ముక్కుపుటాల పై అంచు కోణంలా తేలేది. తర్వాత బరువు వెనక కాళ్ళ మీదికి జరిగేది, ఆ తర్వాతే చెవులు, చివరికి తన్ను. మనుషులు చెప్పే "ఉన్నట్టుండి తన్నింది" అన్న మాట వెనక ఈ వరుస మొత్తం చూడకుండా వదిలేసిన కళ్ళు ఉంటాయి.

మరొక విషయం నన్ను ఎక్కువ కలవరపెట్టింది. బయటివారు నలుగురైదుగురు ఒక్కసారి కంచె దగ్గరికి వస్తే చంద్రి తన్నదు, కరవదు, బొమ్మలా నిలబడిపోతుంది. తల ఒకే ఎత్తులో ఉంటుంది, చెవులు పక్కకు వాలిపోతాయి, కన్ను తెరిచే ఉన్నా దేన్నీ వెంబడించదు. ఎంత బుద్ధిగా ఉందో చూడండి అని వచ్చినవారు మెచ్చుకుంటారు. అది బుద్ధి కాదు. తప్పించుకునే దారి లేదని పదేపదే తెలిసివచ్చిన జంతువు చేసే ఆఖరి పని అది. ఏళ్ళ తరబడి బాణసంచా, బ్యాండు, జనరేటరు లైట్ల మధ్య నిలబడి నేర్చుకున్నది అదే. నేను కోరే నిశ్చలత్వం వేరు. పారిపోయే వీలుండీ పారిపోకుండా నిలబడటం నాకు కావాలి. అందుకే లోపల ఎక్కడా మూలలు లేకుండా, దడిని గుండ్రంగా, వెడల్పుగా కట్టించాను. తాడు, కర్ర, మేత ఏదీ లేకుండా ఉత్తచేతులతో లోపలికి వెళ్తాను. అది ఎటు పోతానంటే అటు పోవచ్చు.

కార్తీక పౌర్ణమి దాటాక

లోపలి పని మొదలైంది. ఇక్కడ ఒక దురభిప్రాయాన్ని తీసివేయవలసి ఉంది. నెమ్మది అంటే పిల్లిలా చప్పుడు లేకుండా చేరడం అనుకుంటారు. మోకాళ్ళు వంచి, ఊపిరి బిగబట్టి, కళ్ళార్పకుండా దాన్నే చూస్తూ సూటిగా జరగడం సరిగ్గా చిరుతపులి చేసే పని. వేటాడే జంతువుల బారిన పడే జాతికి అంతకు మించిన బెదిరింపు లేదు. కాబట్టి నేను మామూలుగా అడుగుల చప్పుడు వినిపించేలా నడుస్తాను, ఏదో ఒకటి మాట్లాడుతూ ఉంటాను, ఊపిరి బయటికి వదిలేటప్పుడు వినపడేలా వదులుతాను. చూపు దాని ముఖం మీద కాకుండా ముంగాళ్ళ దగ్గరి నేల మీద పెడతాను. భుజాలు దించి, చేతులు వేలాడనిచ్చి, నడుమును దాని వైపు కాకుండా కొద్దిగా పక్కకు తిప్పి ఉంచుతాను.

ఏ దిక్కు నుంచి వెళ్ళాలన్నది దాని కన్నుల అమరికను బట్టి ఉంటుంది. తలకు రెండు పక్కలా ఉన్న కళ్ళతో గుర్రం దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. కనపడనివి తోక వెనక కొంత, నుదుటికి సరిగ్గా ముందు, మూతి కింద కొంత. ప్రేమగా నుదురు నిమరబోయే చెయ్యి సరిగ్గా ఆ కనపడని చోటి నుంచే వస్తుంది. తల వెనక్కి విసిరిందని గుర్రాన్ని తిట్టడం అన్యాయం. నేను భుజం వైపుగా, ఏటవాలు గీత మీద, కొంత దూరం పోయి వంకర తిరుగుతూ వెళ్తాను.

అసలు పని దగ్గరికి చేరడంలో లేదు, వెనుదిరగడంలో ఉంది. ఒక దూరం దగ్గర చంద్రి మూతి బిగుస్తుంది. ఇంకొక అడుగు వేస్తే కదులుతుంది. అది కదిలాక నేను ఆగితే, కదిలితే మనిషి ఆగుతాడని నేర్చుకుంటుంది. మూతి బిగియకముందే, చెవి ఒకటి నా వైపు తిరిగి తల కొంచెం దిగిన క్షణంలో నేను వీపు తిప్పి వెళ్ళిపోతే, నెమ్మదిగా ఉంటే మనిషి పోతాడని నేర్చుకుంటుంది. రెండింటి మధ్య తేడా ఒక్క క్షణం. అందువల్ల రోజూ కాసేపే లోపల ఉంటాను. నా చూపు అలసిపోయిన తర్వాత ఆ క్షణాన్ని పట్టుకోలేను.

మేత చేతితో పెట్టడం లేదు. బెల్లం ముక్క పెడితే రెండు రోజుల్లో మాలిమి అవుతుందని చాలామంది చెప్పారు. మాలిమి అయ్యేది బెల్లానికి. కరిచే అలవాటున్న గుర్రానికి చేతిలో తీపి చూపితే అది చేతినే వెతుక్కుంటుంది. ఎండిన జొన్న చొప్ప, బూజు లేకుండా ఏరిన వేరుశనగ కట్టె తొట్టిలో వేసి పక్కకు తప్పుకుంటున్నాను. లేత పచ్చిజొన్న మాత్రం దరికి రానివ్వడం లేదు. అందులోని సైనైడ్ విషం పశువులకు ఎంత ప్రమాదమో ఇక్కడి రైతులకు చెప్పనవసరం లేదు. ఎదిగిన పచ్చిజొన్న మేపినా గుర్రాలకు మూత్రాశయం, వెనక కాళ్ళు దెబ్బతినే వ్యాధి వస్తుంది.

మార్గశిరం

పోయిన వారం మంచి మాటలే మాట్లాడుతూ, సరైన దారిలోనే నడుస్తూ వెళ్ళినా చంద్రి దగ్గరికి రానివ్వలేదు. ఆ రోజు పొద్దున బోరు మోటారు కాలిపోయి, మెకానిక్కుతో మాటామాటా పెరిగి, అక్కడి నుంచి నేరుగా వచ్చి దడి తలుపు తీశాను. నా మనసులో ఏముందో దానికి తెలియదు, తెలియనవసరమూ లేదు. బిగిసిన దవడ, పైపైన తీసే ఊపిరి, కొంచెం వేగంగా పడే మడమలు దానికి చాలు.

ఈ సందర్భంలో బెర్లిన్‌లోని హాన్స్ అనే గుర్రం గుర్తుకు వస్తుంది. యజమాని విల్హెల్మ్ ఫోన్ ఓస్టెన్ లెక్క అడిగితే అది గిట్టతో నేలను తట్టి సరైన జవాబు చెప్పేదని గొప్ప పేరు. మనస్తత్వ పరిశోధకుడు ఆస్కార్ ఫుంగ్స్ట్ జాగ్రత్తగా పరిశీలించి, 1907లో అసలు సంగతి బయటపెట్టారు. అడిగినవారికి జవాబు తెలియకపోతే హాన్స్‌కూ తెలిసేది కాదు. తట్టే సంఖ్య సరైన చోటికి వచ్చేసరికి అడిగేవారి తలలో, ముఖంలో వారికే తెలియకుండా కలిగే అతి చిన్న కదలికను చూసి అది ఆగిపోయేది. లెక్కలు రాని గుర్రమని హాన్స్‌ను తేలిగ్గా తీసేస్తారు. లెక్కల కన్నా కష్టమైన చదువు అది చదివిందని నా అభిప్రాయం. 2009లో స్వీడన్‌లో జరిగిన ప్రయోగం మరొకటి ఉంది. గుర్రంతో ఒకే దారిలో పలుమార్లు వెళ్ళివచ్చిన మనుషులకు, ఈసారి మీరు దాటేటప్పుడు గొడుగు విప్పుతామని చెప్పారు. గొడుగు విప్పనే లేదు. అయినా మనుషుల గుండె వేగం పెరిగింది, దానితో పాటు గుర్రాలదీ పెరిగింది.

కాబట్టి ప్రశాంతంగా ఉన్నట్టు నటించడం మానేశాను. దడి బయట నిలబడి కొన్ని దీర్ఘమైన ఊపిర్లు వదిలి, భుజాలు నిజంగా దిగాయో లేదో చూసుకొని, దిగకపోతే తొట్టి కడిగి, నీళ్ళు నింపి తిరిగి వచ్చేస్తున్నాను. బోరు నీళ్ళు మాత్రం పోయడం లేదు. ఫ్లోరైడు పశువుల పళ్ళనూ ఎముకలనూ కూడా పాడు చేస్తుందని నల్గొండ వైపు మర్రిగూడ ప్రాంతాన్ని చూసినవారికి తెలుసు. నల్లా నీళ్ళే పట్టి పెడుతున్నాము.

నెలాఖరుకు రెండు మార్పులు వచ్చాయి. ఒకటి, మేకను తోడుగా లోపల వదిలాము. మందలో బతికే జంతువు ఒంటరిగా ఉంటే కాపలా పని మొత్తం దానిదే అవుతుంది. మేక వచ్చిన తర్వాత చంద్రి పగటిపూట నేల మీద పడుకోవడం మొదలుపెట్టింది. గుర్రం నిలబడి కునుకు తీయగలదు కానీ గాఢమైన స్వప్ననిద్రకు పడుకోవలసిందే. రెండవది, మొదటి స్పర్శ. జూలు ముగిసే చోట, మెడా వీపూ కలిసే ఎత్తు మీద గుర్రాలు ఒకదాన్నొకటి పళ్ళతో గోకుకుంటాయి. ఆ చోట గోకితే గుండె వేగం తగ్గుతుందని ఫ్రాన్స్‌లో చేసిన పరిశీలనలో 1993లోనే తేలింది. తట్టడం కాదు, గోకడం. తట్టితే చంద్రి చర్మం అదిరింది. గోకితే పై పెదవి ముందుకు సాగింది. అది పూర్తిగా తృప్తి పడకముందే చేయి తీసి పక్కకు వచ్చాను. అది నా వెనక రెండడుగులు వేసింది.

పుష్యం, సంక్రాంతికి అటూ ఇటూ

శూన్యమాసం కావడంతో ఊళ్ళో పెళ్ళిళ్ళు లేవు, బ్యాండు మోత లేదు. హాల్టరు పని దీనికోసమే ఇప్పటిదాకా ఆపి ఉంచాను. ఇనుము లేని నూలు హాల్టరును ముందు కంచె మీద వేలాడదీశాను, తర్వాత నా భుజం మీద వేసుకొని తిరిగాను, ఆ తర్వాత దానితోనే మెడ గోకాను. చివరికి ముక్కు దూర్చే ఉచ్చును తెరిచి పట్టుకొని నిలబడ్డాను. ముక్కు పెట్టవలసింది అదే. ఒకరోజు పెట్టింది, నేను వెంటనే ఉచ్చు తీసివేశాను. కట్టు బిగించడం ఆ తర్వాతి మాట.

కుడి వైపు అంతా కొత్తగా చేయవలసి వచ్చింది. గుర్రం ఒక కంటితో నేర్చుకున్నదాన్ని రెండో కంటితోనూ గుర్తుపట్టగలదని ప్రయోగాలు చెబుతున్నాయి, కానీ గుర్రాలను చూసుకునే సాయీసులందరూ ఎడమ నుంచే వస్తారు కాబట్టి కుడి నుంచి వచ్చే మనిషి చంద్రి అనుభవంలో లేడు. అటు వైపు ఓపిక మళ్ళీ మొదటి నుంచి పట్టాలి.

పగ్గం విషయంలో ఒకటే నియమం. వేళ్ళతో కొంచెం బిగువు కలిగించి, చంద్రి ముంగాలు కదిలే ఆలోచన చేసిన మరుక్షణం వదులు చేయాలి. లాగితే అది లాగుతుంది, దాని బరువు ముందు మన బరువు లెక్కలోకి రాదు. పగ్గాన్ని చేతికి చుట్టుకోవడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. మడతలుగా అరచేతిలో పట్టుకుంటాను. గట్టి బూట్లు, హెల్మెటు లేకుండా లోపలికి వెళ్ళను. నమ్మకం వేరు, జాగ్రత్త వేరు.

ఎండలో నుంచి కొట్టంలోకి రమ్మంటే గడప దగ్గర ఆగిపోతోంది. దీన్ని మొండితనం అనడం సులభం. గుర్రం కన్ను వెలుగు నుంచి చీకటికి అలవాటు పడటానికి మనకన్నా ఎక్కువ సమయం తీసుకుంటుంది. గడప దగ్గర నేనూ ఆగి, పక్కకు చూస్తూ నిలబడితే తనంతట తానే తల దించి, నేలను వాసన చూసి, లోపలికి వస్తోంది.

మాఘం

పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. రాత్రి ఊరి నుంచి బ్యాండు, పటాకుల మోత వినపడగానే చంద్రి దడి చుట్టూ దౌడు తీసింది. పట్టుకోవడానికి ప్రయత్నించలేదు, ఆపమని అరవలేదు. దడి మధ్యలో నిలబడి, చప్పుడు వచ్చే దిక్కుకు వీపు పెట్టి, మేకకు చొప్ప వేస్తూ ఉన్నాను. ఎంతసేపటికో వేగం తగ్గి, మేక పక్కకు వచ్చి ఆగి, నాలుక చప్పరించి, దవడ ఆడించింది. ఇలా చప్పరించడం లొంగిపోవడానికి గుర్తని కొందరు శిక్షకులు చెబుతారు. నేను ఒప్పుకోను. బెదురు దిగి నోట్లో మళ్ళీ లాలాజలం ఊరేటప్పుడు జరిగే పని అది, నాకు చెప్పుకునే క్షమాపణ కాదు. ముళ్ళ కళ్ళెం జ్ఞాపకాన్ని, తారాజువ్వల జ్ఞాపకాన్ని నేను చెరపలేను. మోత వచ్చినప్పుడు పరుగెత్తే చోటు, ఆగే చోటు రెండూ దానికి ఉండేలా చూడగలను.

ఫోటో కోసం వచ్చే పిల్లలను ఇప్పటికీ దడి లోపలికి పంపడం లేదు. బయట నుంచి మాత్రం ఒక ఆట నేర్పాను. చంద్రి చెవులు ఎటు తిరిగితే అటు ఏముందో చెప్పాలి. పక్క చెలకలో పల్లీల మీద కప్పిన నీలం టార్పాలిన్ గాలికి లేస్తే మొదట పట్టుకునేది ఆ చెవులే.

ఫాల్గుణం

ధనుర్వాతం సూది పడింది. పశువైద్యుడు వచ్చే ముందు కొన్ని రోజులు మెడ మీద అదే చోట చర్మాన్ని వేళ్ళతో చిటికెడు పట్టి వదలడం, పెన్ను మూతతో నొక్కి తీయడం చేయించాను. ఆయన కూడా నేను చెప్పినట్టు ఏటవాలుగా నడిచి వచ్చి, ముందు గోకి, తర్వాతే సూది గుచ్చారు. మూతి బిగిసింది, కాలు లేవలేదు. స్టెతస్కోపు ఎడమ మోచేయి వెనక పెట్టి ఆయన లెక్కించిన గుండె వేగం నిమిషానికి 48. విశ్రాంతిలో 28 నుంచి 44 దాకా ఉండవలసింది కాబట్టి ఇంకా కొంచెం ఎక్కువే. పరాయి మనిషి పక్కన నిలబడి ఉండగా వచ్చిన అంకె అని చూస్తే నాకు సంతోషంగానే ఉంది.

గిట్టల పనికి నాల్బందు చాచా వచ్చారు. జడ్చర్ల దగ్గర టాంగాలు నడిచిన రోజుల నుంచీ గుర్రాలకు నాలు (లాడాలు) కొట్టిన మనిషి. ఆయన వచ్చీరాగానే సంచి దూరంగా పెట్టి, చంద్రి పక్కనే నా వైపు చూస్తూ బీడీ లేకుండా కాసేపు నిలబడ్డారు. అది ఆయనకు చిన్న త్యాగం కాదు. "బేటా, కాలు మనం గుంజుకోవద్దు. అదే ఇయ్యాలె" అని, భుజం నుంచి చేయి జార్చుకుంటూ మోకాలు వెనకగా దించి, కాలి మీద బరువు ఎప్పుడు తగ్గుతుందా అని ఎదురుచూశారు. నేను కొన్ని వారాలుగా ఇదే చేయిస్తున్నాను. అయితే ఆయన చేతిలో ఒక తేడా గమనించాను. కాలు ఎత్తాక దాన్ని పక్కకు తన ఒళ్ళోకి లాక్కోరు, చంద్రి కడుపు కిందే తక్కువ ఎత్తులో పట్టుకుంటారు. గుర్రం తూకం తప్పదు కాబట్టి గుంజుకోవలసిన అవసరమూ రాదు. నా పద్ధతి ఈ పూట నుంచి అలాగే మార్చుకుంటున్నాను.

ముందు కాళ్ళు రెండూ, వెనక ఎడమ కాలూ పూర్తయ్యాయి. ప్రతి గిట్టనూ కొంత చెక్కగానే కింద పెట్టనిచ్చి, నడిపించి, మళ్ళీ ఎత్తించాము. కుడి వెనక కాలు దగ్గర మూతి బిగిసింది, బరువు వెనక్కి జరిగింది. చాచా వెంటనే చేయి తీసి, ఆకురాయి సంచిలో వేసుకున్నారు. ఆ ఒక్కటి కూడా చేసేద్దామని పెద్దనాయన కంచె బయట నుంచి అన్నారు. చేయలేదు. గిట్టలు ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి చెక్కాలి, ఆ ఒక్క గిట్ట వచ్చే వారం దాకా ఆగితే నష్టం లేదు. ఈలోపు కుడి పక్క నుంచి రోజూ రెండు పూటలా తొడ గోకడం, కాలు ఒక్క క్షణం తేలిక చేయించి వదిలేయడం నా పని. చాచా శనివారం మళ్ళీ వస్తానన్నారు.